పాజిటివ్ అంటే మంచిదా, చెడ్డదా? రిపోర్టు చుట్టూ అపోహలు - వాస్తవాలు

ల్యాబ్ కౌంటర్ దగ్గర రోజూ వినపడే మాట: "పాజిటివ్ వచ్చిందండీ, ఏమవుతుంది?" దేనికి పాజిటివ్ అన్నది చూడకుండా దీనికి జవాబు లేదు. 'పెట్టు, ఉంచు' అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి పుట్టిన మాట ఇది. 'నిర్ణయించి పెట్టినది' అనే అర్థంతో ముందు చట్టాల భాషలో వాడారు. 1747లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తుకు తగిలించాడు, 1840లో జాన్ హెర్షెల్ ఫొటోలకు. వైద్యంలో దీనికి 'వెతికింది కనిపించింది' అని మాత్రమే అర్థం.

అపోహ: "అమ్మాయిది నెగటివ్ గ్రూపే, కానీ మొదటి కాన్పు సుఖంగా అయింది. ఇంజెక్షన్ ఎందుకు?"

పిల్లల ప్రాణాల మీదికి తెస్తున్న మాట ఇదే. నెగటివ్ గ్రూపు అంటే ఎర్ర రక్తకణాల మీద 'డి' అనే పదార్థం (యాంటిజెన్) లేదని, ఇంజెక్షన్ అంటే యాంటీ-డి. మొదటి కాన్పు మామూలుగా సుఖంగానే అవుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పు సమయంలో బిడ్డ ఎర్ర రక్తకణాలు తల్లి రక్తంలో కలుస్తాయి. వాటి మీద ఉన్న డి యాంటిజెన్ తల్లికి కొత్త. ఆమె శరీరం దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. మళ్లీ గర్భం వచ్చి, ఆ బిడ్డదీ పాజిటివ్ అయితే అవి మాయ దాటి వెళ్లి బిడ్డ కణాలను పగలగొడతాయి. రక్తహీనత, తీవ్రమైన కామెర్లు, ఒక్కోసారి కడుపులోనే మరణం.

గ్రూపు చూసేటప్పుడు తెల్ల పలక మీద మూడు రక్తపు చుక్కలు వేసి నీలం యాంటీ-ఎ, పసుపు యాంటీ-బి, రంగులేని యాంటీ-డి ద్రావణాలు కలుపుతాం. మూడో చుక్క ఇసుక రేణువుల్లా ముద్ద కడితే పాజిటివ్, కట్టకపోతే నెగటివ్. నెగటివ్ రోగం కాదు, లోపమూ కాదు. ఆ పేరుతో సంబంధాలు తప్పించడం అన్యాయం.

చేయాల్సింది ఇది. గర్భం తెలియగానే నెగటివ్ గ్రూపు తల్లికి ఐసీటీ (ఆమె రక్తంలో ఈ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్టు) చేయించాలి. ఇక్కడ నెగటివ్ రావడమే శుభవార్త, యాంటీబాడీలు ఇంకా పుట్టలేదన్నమాట. 28వ వారంలో మళ్లీ ఐసీటీ, నెగటివ్ అయితే 300 మైక్రోగ్రాముల యాంటీ-డి. రక్తం ఇంజెక్షన్‌కు ముందే తీయాలి. తర్వాత తీస్తే ఆ మందు వల్లే ఐసీటీ బలహీనంగా పాజిటివ్ చూపి ఇల్లంతా కంగారుపడుతుంది. కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు, డీసీటీ (బిడ్డ కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే డైరెక్ట్ కూంబ్స్ టెస్టు) చూస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి 72 గంటల్లోపు ఇంకో డోసు. గడువు దాటిందని మానేయకండి, పది రోజుల్లోపు ఇచ్చినా కొంత రక్షణ ఉంటుంది. గర్భస్రావం అయినప్పుడు కూడా ఇంజెక్షన్ గురించి డాక్టర్ని అడగాలి, దీన్నే ఎక్కువమంది మరచిపోతారు. యాంటీబాడీలు ఒకసారి పుట్టాక ఇంజెక్షన్ పనిచేయదు. అప్పుడు పెద్ద ఆసుపత్రిలో స్కానింగులతో బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి.

అపోహ: "పాజిటివ్ గ్రూపు వాళ్లలో కోతి రక్తం ఉంటుంది." లేదు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ రీసస్ కోతుల కణాలతో ప్రయోగం చేశారు కాబట్టి ఈ పాజిటివ్-నెగటివ్ తేడాకు ఆర్‌హెచ్ (రీసస్) అన్న పేరు వచ్చింది, అంతే.

అపోహ: "వైడాల్ పాజిటివ్ అంటే టైఫాయిడే." వైడాల్ టైఫాయిడ్ యాంటీబాడీలను వెతికే పరీక్ష, అందులో పాజిటివ్ పాత జబ్బు వల్ల, టీకా వల్ల కూడా వస్తుంది. యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) రక్తం ఇవ్వండి.

క్యాన్సర్ బయాప్సీలో ఒకే కాగితం మీద రెండు పాజిటివ్‌లు ఉండొచ్చు. మార్జిన్ పాజిటివ్ అంటే కోసిన అంచులో క్యాన్సర్ కణాలు ఉన్నాయని, అది చెడ్డ కబురు. రొమ్ము క్యాన్సర్‌లో ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్ రిసెప్టర్) పాజిటివ్ అంటే మాత్రం టామోక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉందని.

హెచ్ఐవీ మొదటి కిట్‌లో రియాక్టివ్ (అంటే పాజిటివ్) వచ్చినంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. లక్షణాలు లేనివారికి వేర్వేరు రకాల మూడు పరీక్షలు చేశాకే తేలుస్తారు. ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో (హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) ఇది ఉచితం, వివరాలు గోప్యం. తుది రిపోర్టు చేతికి వచ్చేదాకా మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.