లయ తప్పిన గుండె, పెరిగిన అంకెలు: అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఓపీకి వచ్చేవాళ్లు ఈసీజీ కాగితంతోపాటు గుండె లయ తప్పే జబ్బుతో మరణాలు పెరిగాయనే వాట్సాప్ వార్తలూ చూపిస్తున్నారు. కర్నూలులో గుండె జబ్బులు చూసే డాక్టరుగా, మరణాల లెక్కలంటే కాస్త పిచ్చి ఉన్నవాడిగా నాలుగు మాటలు.

అపోహ: మరణాలు దాదాపు మూడింతలయ్యాయి, అంటే జబ్బు ముదిరింది.

వాస్తవం: గుండె పైగదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ప్రపంచ అంచనాల ప్రకారం దీనితో 1990లో సుమారు 1.17 లక్షల మంది పోతే, 2019లో 3.15 లక్షల మంది పోయారు. వయసుల తేడా సర్దుబాటు చేసి చూస్తే మాత్రం మరణాల రేటు లక్ష జనాభాకు 4.3 నుంచి 4.4కు చేరిందంతే. దాదాపు కదలనే లేదు.

ఎలాగంటారా? ఒక ప్రాంతంలో ఎనభై దాటినవాళ్లు అప్పట్లో 5,000 మంది, ఏడాదికి 10 మరణాలు అనుకుందాం. ఇప్పుడు 15,000 మంది, 30 మరణాలు. మరణాలు మూడింతలే, కానీ ఒక్కో అవ్వకు, తాతకు ఉన్న ముప్పు అప్పుడూ ఇప్పుడూ 500లో ఒకటే. అలాగని పెద్ద అంకెను పక్కన పారేయలేం. వార్డులో ఎన్ని మంచాలు కావాలో చెప్పేది అదే.

అపోహ: మరణ కారణ సర్టిఫికెట్‌లో రాసిందే అసలు కారణం.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. ఆసుపత్రిలో పోయినవారికి మేం నింపే ఫారం 4లో పై వరుస తక్షణ కారణానిది, కింది వరుసలు దానికి దారితీసిన జబ్బులవి. పైన పక్షవాతం, దాని కింద ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఇంకా కింద గుండె కవాటం (వాల్వ్) సన్నబడటం అని రాస్తే కథంతా తెలుస్తుంది. లెక్కకు సాధారణంగా తీసుకునేది అట్టడుగు వరుసనే. రాత్రి డ్యూటీ హడావుడిలో ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఒక్క ముక్క గీకేస్తారు. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు పోతారండీ? రేపు అందరం సరిగ్గా రాయడం మొదలుపెడితే, అదనంగా ఒక్కరూ పోకుండానే ఇలాంటి జబ్బుల మరణాలు పెరిగినట్టు కనిపిస్తాయి. అసలు 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవే 22.5 శాతం. ఇంట్లో నిద్రలో పోయిన పెద్దాయనకు ఊరంతా కలిసి గుండెపోటు అని తేల్చేస్తుంది.

అపోహ: కేసులు ఎక్కువ బయటపడితే జబ్బు ఎక్కువైనట్టే.

వాస్తవం: ఈసీజీలు, స్మార్ట్ వాచీలు పెరిగాయి. వెతికితే దొరుకుతుంది, అంతే.

అపోహ: పెద్ద వయసులో రక్తం పలచబరిచే మాత్ర ప్రమాదం, ఆస్పిరిన్ చాలు.

వాస్తవం: లయ తప్పిన గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది; ఆ మాత్ర దాన్ని ఆపడానికే. ఈ జబ్బుండి 75 దాటినవారిపై బ్రిటన్‌లో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆస్పిరిన్ కంటే వార్ఫరిన్ అనే పలచబరిచే మాత్ర పక్షవాతాన్ని సగానికి పైగా తగ్గించింది. పెద్ద రక్తస్రావాలు పెరగలేదు. మీకు ఏది సరిపోతుందో మీ డాక్టరే చెప్పాలి.

అపోహ: ఇది ముసలివాళ్ల జబ్బు.

వాస్తవం: ఎక్కువగా అంతే. కానీ మన దగ్గర చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్ల జ్వరం వల్ల కవాటాలు దెబ్బతిని, ముప్పై ఏళ్లకే లయ తప్పినవాళ్లూ ఓపీకి వస్తారు. అన్ని వయసులనూ కలిపిన ఒక్క రేటులో వీళ్లు కనపడరు. అందుకే యాభైలోపు వయసుల వరుసను విడిగా చూస్తాను. అక్కడ అంకె పెరిగిందంటే ముందు అడగాల్సింది, కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకోసారి వేయాల్సిన పెనిసిలిన్ సూది ఎక్కడెక్కడ ఆగిపోయిందని.