మడగాస్కర్ చేజారిన నాలుగు దీవులు: స్వాతంత్ర్యానికి 86 రోజుల ముందు ఏం జరిగింది?

2025 అక్టోబరులో మడగాస్కర్ రాజధాని అంటాననరివోలో అధికారం సైన్యం చేతికి వచ్చింది. కర్నల్ మైకేల్ రాండ్రియానిరినా ప్రభుత్వానికి దఖలుపడిన మొండి ఫైళ్లలో ఆఫ్రికా తీరానికీ మడగాస్కర్‌కూ మధ్య ఉన్న మొజాంబిక్ జలసంధి దీవులది ఒకటి. అదే ఏడాది జూన్ 30న ఫ్రాన్స్, మడగాస్కర్ సంయుక్త కమిషన్ పారిస్‌లో రెండోసారి కూర్చుని లేచింది. దీవులు మాత్రం ఫ్రాన్స్ చేతిలోనే ఉన్నాయి. అంతకు ముందు మే 22న, హిందూ మహాసముద్రంలో తన అధీనంలోని చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించే ఒప్పందంపై బ్రిటన్ సంతకం పెట్టింది. అందుకే ఈసారి ప్రశ్న మరింత సూటిగా వినిపిస్తోంది: బ్రిటన్ ఒప్పుకున్నదానికి ఫ్రాన్స్ ఎందుకు ఒప్పుకోదు?

మడగాస్కర్‌ను ఆక్రమించిన ఫ్రాన్స్ అక్కడి చివరి రాణి మూడో రణవలోనాను ప్రవాసం పంపడం, 1947లో ఫ్రెంచ్ పాలనపై తిరుగుబాటు తరచూ చెప్పుకునేవే. ఈ తగాదాకు అసలు ముడి పడింది 1960 ఏప్రిల్ 1న. ఆ రోజు పారిస్‌లో 60-555 నంబరు డిక్రీ వెలువడింది. గ్లోరియస్, జువాన్ డి నోవా, యూరోపా, బస్సాస్ డా ఇండియా అప్పటిదాకా మడగాస్కర్ పాలన కింద ఉండేవి. వీటిని, తూర్పున ఉన్న ట్రోమెలిన్‌తో కలిపి, ఫ్రాన్స్‌కు చెందిన సముద్రాంతర భూభాగాలు చూసే మంత్రి కిందికి మార్చేశారు. మర్నాడే, ఏప్రిల్ 2న, అధికార బదలాయింపు ఒప్పందంపై సంతకాలయ్యాయి. జూన్ 26న స్వాతంత్ర్యం. ఆస్తి పంపకానికి కూర్చునే ముందు రోజు పెద్దన్న నాలుగు చెక్కల పొలం తన పేర రాయించుకున్నట్టుంది వ్యవహారం.

మడగాస్కర్ చూపించే కాగితం ఫ్రాన్స్ రాసుకున్నదే. 1896 ఆగస్టు 6 నాటి విలీన చట్టం ‘మడగాస్కర్ దీవి, దానిపై ఆధారపడిన దీవులతో సహా’ ఫ్రెంచ్ వలస అని ప్రకటించింది. కలుపుకున్నప్పుడు పార్లమెంటు చట్టం చేశారు, విడదీసేటప్పుడు ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో సరిపెట్టారు. 1979 డిసెంబరు 12న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 34/91 తీర్మానంలో ఈ విభజనను ఏకపక్షమని తప్పుబట్టి, దీవులను తిరిగి కలిపేందుకు వెంటనే చర్చలు మొదలుపెట్టమని ఫ్రాన్స్‌ను కోరింది. అనుకూలంగా 93 ఓట్లు, వ్యతిరేకంగా 7. వలసకు స్వాతంత్ర్యం ఇచ్చే ముందు దాన్ని ముక్కలు చేయకూడదన్న ఇదే సూత్రాన్ని 2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం చాగోస్ విషయంలో తన సలహా అభిప్రాయంలో నిలబెట్టింది.

ఫ్రాన్స్ వాదన ఇది: 1890లలో తాము జెండా పాతేనాటికి అవి ఎవరివీ కాని నేల, మడగాస్కర్‌తో జోడించింది పాలనా సౌలభ్యానికే, పైగా తొలి అధ్యక్షుడు సిరానానా అభ్యంతరం చెప్పలేదు. ఆ మౌనం నిజమే. 1972లో ఆయన ప్రభుత్వం కూలాక గాని దీవుల మాట గట్టిగా వినిపించలేదు. 1973లో మడగాస్కర్ విదేశాంగ మంత్రి రాట్సిరాకా ఫ్రాన్స్‌తో ఒప్పందాలను తిరగరాయించారు. అదే ఏడాది నుంచి ఫ్రాన్స్ గ్లోరియస్, జువాన్ డి నోవా, యూరోపాలలో సైనికులను ఉంచుతోంది. దీవికి పద్నాలుగు మంది చొప్పున, ఒక జెండార్మ్‌తో (ఫ్రెంచ్ సాయుధ పోలీసు) కలిసి, సుమారు 45 రోజులకోసారి మారుతుంటారు. శాశ్వత జనాభా అంటూ లేదు.

నాలుగు దీవుల నేలంతా కలిపినా సుమారు 40 చదరపు కిలోమీటర్లే. అసలు విలువ చుట్టూ ఉన్న నీటిది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా సముద్ర వనరులపై ఆ దేశానికే హక్కు, దీన్నే ఆర్థిక మండలి అంటారు. 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల వ్యాసార్ధంతో చిన్న తిప్ప చుట్టూ పూర్తి వృత్తం గీస్తే 4.3 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రం వస్తుంది. జలసంధి ఇరుకైన చోట సుమారు 400 కిలోమీటర్లే కాబట్టి మడగాస్కర్, మొజాంబిక్ వైపు మధ్యరేఖలు (ఇరు తీరాలకు సమాన దూరంలో గీసే హద్దులు) ఆ వృత్తాలను కోసేస్తాయి. అయినా ట్రోమెలిన్‌తో కలిపి ఫ్రాన్స్ చెప్పుకునే ఆర్థిక మండలి 6.4 లక్షల చదరపు కిలోమీటర్లు. మడగాస్కర్ భూభాగమే 5.87 లక్షలు! ట్యూనా చేపలు, అడుగున గ్యాస్ ఉందన్న ఆశ, అన్నీ ఈ లెక్కలోవే. మనుషులు బతకలేని రాళ్లకు ఆర్థిక మండలి ఉండదని సముద్ర చట్టం 121వ అధికరణ చెబుతోంది. పోటు సమయంలో దాదాపు మొత్తం మునిగిపోయే బస్సాస్ డా ఇండియా విషయంలో ఫ్రాన్స్ పట్టు బలహీనపడేది ఇక్కడే. (పేరు చూసి పొరబడొద్దు. పోర్చుగీసువారి ‘జుడియా’ పటాలు గీసేవాళ్ల చేతుల్లో ‘ఇండియా’ అయింది.)

పేర్లలోనూ పక్షం ఉంది. ఫ్రెంచ్‌లో ఇవి ‘ఇల్ ఎపార్స్’, చెల్లాచెదురు దీవులు. ఐరాస ఎజెండాలో ‘మలగాసీ దీవులు’.

2019 మేలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్, అప్పటి మడగాస్కర్ అధ్యక్షుడు రజోలినా ఈ తగాదా తేల్చడానికి ఒక గడువు పెట్టుకున్నారు: 2020 జూన్ 26, స్వాతంత్ర్యానికి అరవై ఏళ్లు నిండే రోజు. అదే అక్టోబరులో మాక్రాన్ గ్లోరియస్‌లో దిగి ‘ఇది ఫ్రాన్స్’ అన్నారు. నవంబరు 18న అంటాననరివోలో కమిషన్ తొలి సమావేశం జరిగింది. గడువు దాటిపోయింది. 2021 జూన్‌లో ఫ్రాన్స్ గ్లోరియస్‌ను జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. చర్చల్లో ఉన్న దీవిలో ఏం చేయొచ్చో, ఏం కూడదో రాసే నియమాలు మళ్లీ పారిస్ ఉత్తర్వుగానే వచ్చాయి.