డెడ్‌స్టాక్ రిజిస్టరులో చిక్కుకున్న మినీకంప్యూటర్లు

అనంతపురంలోని ఒక విద్యాసంస్థ వెనుక గదిలో ఇనుప బీరువాలాంటి పెట్టె ఒకటి చాలా ఏళ్లు పడి ఉండేది. ముందు పలక మీద వరుసగా స్విచ్‌లు, వాటి పైన చిన్న దీపాలు, పక్కన తెల్ల పెయింటుతో రాసిన డెడ్‌స్టాక్ (సంస్థ సామాన్ల జాబితా) నంబరు కనిపించేవి. అది 16 బిట్ల మినీకంప్యూటర్, అంటే గది నిండే పెద్ద కంప్యూటర్ల కంటే చిన్నది. బెంగళూరు నుంచి ఒక సేకర్త వచ్చి చూసి, లారీ బాడుగ తానే పెట్టుకుని తీసుకెళ్తానన్నాడు. ఇవ్వడానికి సంస్థకూ అభ్యంతరం లేదు. కానీ రిజిస్టరులో ఉన్న వస్తువును ఒక వ్యక్తికి ఊరికే అప్పగించే పద్ధతి ఎవరికీ తెలియలేదు. చివరకు విరిగిన బెంచీలతో కలిపి ఒకే లాటుగా వేలం వేస్తే, అది తూకం లెక్కన గుజిరీ అంగడికి చేరింది. పాత యంత్రాలకు కొత్త ఇళ్లు వెతికేవారికి ఇప్పటికీ అడ్డుపడుతున్నది ఈ చిక్కే. దాని మూలాలు ఆ యంత్రాలు మన దేశానికి వచ్చిన తీరులోనే ఉన్నాయి.

గది నిండా పట్టే మెయిన్‌ఫ్రేమ్‌ల కాలంలో, 1965లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పీడీపీ-8 అనే 12 బిట్ల యంత్రాన్ని సుమారు 18,000 డాలర్లకు మార్కెట్లో పెట్టింది. కంప్యూటరును ఒక ప్రయోగశాల సొంతంగా కొనుక్కోగలగడం అప్పటికి కొత్త సంగతి. 1970లో వచ్చిన 16 బిట్ల పీడీపీ-11 మీదనే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెరిగింది, సీ అనే ప్రోగ్రామింగ్ భాష రూపుదిద్దుకుంది. నేటి సేకర్తలకు ఆ యంత్రం మీద ఉన్న మమకారానికి ఇది పెద్ద కారణం. పీడీపీ-8 కనీస జ్ఞాపకశక్తి 4,096 పదాలు (యంత్రం ఒకేసారి పట్టే బిట్ల గుంపును పదం అంటారు), పదానికి 12 బిట్లు, బిట్‌కు ఒక అయస్కాంత పూస, అంటే 49,152 ఫెర్రైట్ పూసలు. వాటిలో సన్నని తీగలను పడుగు పేకల్లా అడ్డంగా, నిలువుగా దూర్చి అల్లేవారు. ధర్మవరం మగ్గాలు చూసినవారికి ఆ పలకను చేతిలోకి తీసుకుంటే అదెంత పనితనమో వేరే చెప్పనక్కర్లేదు. కరెంటు పోయినా ఆ పూసల్లోని సమాచారం చెదరదు.

మన దేశంలో ఇటువంటి యంత్రం అంగడిలో కొనే వస్తువు కాదు. విదేశీ మారకం కొరత వల్ల దిగుమతికి అనుమతులు కావాల్సి వచ్చేది. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఏ.ఎస్. రావు నాయకత్వంలో, ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ (టీడీసీ) శ్రేణిని తయారుచేసింది. టీడీసీ-12, టీడీసీ-312, ఆ తరువాత 16 బిట్ల టీడీసీ-316 ఆ శ్రేణిలోనివే. 1978లో అమెరికా కంప్యూటర్ కంపెనీ ఐబీఎం దేశం విడిచి వెళ్లగా, దాని యంత్రాల నిర్వహణను ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేపట్టింది. అదే కాలంలో ప్రైవేటు కంపెనీలకూ మినీకంప్యూటర్ల తయారీకి దారి తెరుచుకుంది. బ్యాంకుల కంప్యూటరీకరణపై 1984 నాటి రంగరాజన్ కమిటీ శాఖల్లో ఖాతా పద్దులు రాసే లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలను, ప్రాంతీయ కార్యాలయాల్లో మినీకంప్యూటర్లను సూచించింది. అంటే కొన్నవారిలో ఎక్కువ మంది సంస్థలే. ఆ సంస్థల్లో ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఆ నంబరుకు జవాబు చెప్పాల్సిన ఒక ఉద్యోగి ఉంటారు. ఇంటికి కొనుక్కున్న యంత్రమైతే అటక మీద మిగిలేది. ఇవి మిగలకపోవడానికి ఆ జవాబుదారీతనమే కారణమని నా అభిప్రాయం.

1990లలో పీసీల నెట్‌వర్కులు వచ్చాక ఇవి మూలనపడ్డాయి. 1998లో పీడీపీలు తయారుచేసిన డిజిటల్ కంపెనీని పీసీల కంపెనీ కాంపాక్ కొనేసింది. బోర్డుల అంచుల మీది బంగారు పూత, విద్యుత్ సరఫరా విభాగంలోని రాగి, చట్రంలోని ఇనుము ఇవీ గుజిరీ వ్యాపారికి విలువైనవి. ఆయన తప్పేమీ లేదు, ఆయన లెక్క అది. ఆ తరువాత 2011 ఈ-వ్యర్థాల నియమాలు 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి షెడ్యూల్-1లో మొట్టమొదటి అంశమే మెయిన్‌ఫ్రేమ్‌లు, మినీకంప్యూటర్లు. కార్యాలయాలు, బ్యాంకులు, విద్యాసంస్థల వంటి పెద్ద వినియోగదారులు వాటిని అధీకృత మార్గంలోనే వదిలించుకోవాలని అవి చెప్పాయి. సీసం కలిసిన టంకం నేలపాలు కాకూడదన్న ఉద్దేశం సరైనదే. అయితే ముక్కలు చేయడానికి పంపే యంత్రానికీ, భద్రపరచడానికి అడిగే యంత్రానికీ కార్యాలయం కాగితాల మీద తేడా కనిపించదు.

సేకర్త చేతికి వచ్చినంత మాత్రాన పని అయిపోదు. దశాబ్దాలు ఆగిన యంత్రానికి నేరుగా కరెంటు ఇస్తే ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే భాగాలు) పేలవచ్చు, వాటితో బోర్డులూ పోవచ్చు. అందుకే ముందు విద్యుత్ సరఫరాను విడదీసి, కెపాసిటర్లను పరీక్షించి, వోల్టేజీని మెల్లగా పెంచుతారు. అమెరికా యంత్రమైతే అది 115 వోల్టులదా 230 వోల్టులదా అన్నది మొదటి ప్రశ్న. డిస్క్ యూనిట్లలోని నురుగు పట్టీలు పొడి అయిపోయి ఉంటాయి. మన ఎండకు, దుమ్ముకు ఇంకా త్వరగా. చోటు సంగతి సరేసరి: పీడీపీ-8 మొదటి నమూనా బరువే వంద కిలోల పైచిలుకు. అందుకే చాలామంది బాబ్ సుప్నిక్ మొదలుపెట్టిన సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటరుతో (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరుతో) ఆ యంత్రాలను మామూలు పీసీ మీదనే నడిపి తృప్తిపడుతున్నారు. పీడీపీ-11 సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ నడుస్తున్నదంటే, దాని మాన్యువళ్లు, టేపులు ఎందరో దాచి పంచుకోవడం వల్లనే. ఆ మాటకొస్తే, మన సేకర్తలు ముందుగా వెతకాల్సింది అమెరికాలో పెద్ద సంఖ్యలో అమ్ముడైన యంత్రాన్ని కాదు, హైదరాబాదులో తయారైన టీడీసీని. ఇనుము దొరకకపోయినా దాని సర్క్యూట్ చిత్రాలు, ప్రోగ్రాముల ప్రింట్లు ఏ పాత ఉద్యోగి ట్రంకుపెట్టెలోనైనా ఉండే అవకాశం ఉంది.

అనంతపురం గదిలోని పెట్టె లాటులో పోయింది కానీ, దాని పక్క అలమారలో నీలి అట్టల మాన్యువళ్లు రెండు, మడతలు పెట్టిన ప్రింటు కాగితాల కట్ట ఒకటి మిగిలాయి. వాటికి డెడ్‌స్టాక్ రిజిస్టరులో గానీ, గ్రంథాలయం రిజిస్టరులో గానీ నంబరు లేదు. అందువల్ల వాటిని ఇవ్వడానికి ఎవరి సంతకమూ అవసరం కాలేదు. బెంగళూరు సేకర్త ఒక సాయంత్రం బస్సులో వాటిని ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లాడు.