చెక్కముక్క, ఆరు తీగలు, ఒక ఉక్కు కడ్డీ

గిటార్ తయారీలో అన్నిటికంటే కష్టమైన పని ఏదని చేసేవాళ్లను అడిగితే చాలామంది మెడ గురించే చెబుతారు. వేళ్లతో తీగను నొక్కి వాయించే మామూలు గిటార్‌కు మెడ సన్నగా ఉండాలి, అయినా వంగకూడదు. దాని మీద ఇరవై దాకా ఫ్రెట్‌లు, అంటే వీణ మెట్లలాంటి లోహపు పట్టీలు, ఒకే ఎత్తులో కూర్చోవాలి. వాటిలో ఒక్కటి కాగితం మందం పైకి లేచినా పక్క స్వరం జీరగా పలుకుతుంది. స్టీల్ గిటార్‌కు ఈ బాధ లేదు. దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఒక ఉక్కు కడ్డీని ఆనించి జరుపుతూ వాయిస్తారు. తీగ ఎక్కడా కింది చెక్కను తాకదు. ఫ్రెట్‌లు ఉండాల్సిన చోట గీతలు గీస్తే సరిపోతుంది, అవి కూడా కంటికి గుర్తు కోసమే. వడ్రంగం అంతంత మాత్రంగా వచ్చినవాళ్లు కూడా ఇంట్లో ధైర్యంగా చేయగల తీగవాద్యం ఇదేనని నా అభిప్రాయం. అయితే ఫ్రెట్‌లు తీసేసినంత మాత్రాన కష్టం మాయమవదు. ఇంకోచోటికి పోయి కూర్చుంటుంది. ఎక్కడికి పోయిందో తెలియాలంటే కాస్త భౌతికశాస్త్రం కావాలి.

ఈ వాద్యం పుట్టుక హవాయి దీవుల్లో. ఓహు దీవిలోని లాయె ఊరివాడైన జోసెఫ్ కెకూకు 1889 ప్రాంతంలో, ఇంకా బడికి వెళ్లే వయసులో, గిటార్ తీగల మీద లోహపు ముక్కను జరిపి చూశాడని, తర్వాత దానికోసమే ఉక్కు కడ్డీ చేయించుకున్నాడని చెబుతారు. అతనికంటే ముందే గేబ్రియల్ డేవియన్ అనే భారతీయ నావికుడు అక్కడ ఇలా వాయించాడనే వాదన కూడా ఉంది. ఆ తగవు తీరేది కాదు. మన వైపు చిత్రవీణ, అదే గోటువాద్యం, మెట్లు లేకుండా, తీగల మీద నున్నటి ముక్క జరుపుతూ వాయించేదే కదా. ఆలోచన ఒకటే, తోవలు వేరు. హవాయియన్ గిటార్ కలకత్తా మీదుగా మన సంగీతంలోకి అంత తేలిగ్గా కలిసిపోవడానికి కారణం గమకమే. జారుడు పలికే వాద్యాన్ని మనవాళ్లు పరాయిదిగా చూడలేదు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించాడు. విశ్వమోహన్ భట్ గిటార్‌కే అదనపు తీగలు కట్టి మోహన వీణ చేసుకున్నాడు. దేబాశిష్ భట్టాచార్య తనకు కావలసిన స్లైడ్ గిటార్‌లను తానే రూపొందించుకున్నాడు. ఈ వాద్యం వాయించేవాళ్లకు దాన్ని విప్పి మార్చాలనే దురద ఎక్కువ.

ఆ దురద నుంచే ఎలక్ట్రిక్ గిటార్ కూడా పుట్టింది. అమెరికాలో జార్జ్ బోషాంప్ అనే స్టీల్ గిటార్ వాద్యకారుడికి హాలు చివరి దాకా వినిపించే గిటార్ కావాలి. పెద్ద చెక్క దుంగకు గ్రామఫోన్ పికప్, అంటే కదలికను విద్యుత్తుగా మార్చే భాగం, తగిలించి ప్రయోగాలు మొదలుపెట్టాడు. పికప్‌లోని రాగితీగచుట్టను చుట్టడానికి బట్టలుతికే మిషన్ మోటారు వాడారని కొందరు, కుట్టుమిషన్ మోటారని కొందరు అంటారు. ఏదైనా ఇంట్లో వస్తువే. హ్యారీ వాట్సన్ అనే పనివాడు ఒకే చెక్కలో తొలిచి ఇచ్చిన 1931 నాటి నమూనా గుండ్రటి ఒళ్లు, పొడుగు మెడతో ఉండేది. 'ఫ్రైయింగ్ పాన్' అనే ముద్దుపేరు అందుకే వచ్చింది. దాన్ని యంత్రభాగాల తయారీదారు అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్‌తో కలిసి అల్యూమినియంలో పోతపోసి అమ్మారు. పేటెంట్ 1937లో వచ్చింది. అంటే మార్కెట్లో నిలదొక్కుకున్న మొదటి ఎలక్ట్రిక్ గిటార్ ఒళ్లో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే. మామూలు గిటార్ ఆ తోవలో తర్వాత నడిచింది.

ఇక తయారీ సంగతి. ఇలాంటి వాద్యాలు చేసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే మూడు అంకెలు పదేపదే వినిపిస్తాయి: స్కేలు, తీగ మందం, శ్రుతి. స్కేలు అంటే రెండు కొసల ఆనుల (తీగ ఆనే పట్టీల) మధ్య కదిలే తీగ పొడవు. ఈ మూడూ చెబితే బిగువు ఎంతో లెక్క కట్టవచ్చు. ఎదుటివాడు అమెరికాలో ఉన్నా అనకాపల్లిలో ఉన్నా ఆ లెక్క మారదు. ఈ మూడూ చెప్పకుండా 'నా తీగ తెగిపోతోంది, ఏం చేయాలి' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

లెక్క పెద్దదేం కాదు. ఫ్రాన్స్‌కు చెందిన మెర్సెన్ 1636లోనే తీగ నియమాలు అచ్చువేశాడు. తీగ పొడవును రెట్టింపు చేసి పౌనఃపున్యంతో గుణిస్తే ఆ తీగ మీద అల పరుగెత్తే వేగం వస్తుంది. ఆ వేగాన్ని వర్గం చేసి మీటరు తీగ బరువుతో గుణిస్తే బిగువు వస్తుంది. ఇంటి తయారీలో బాగా వాడే స్కేలు 22.5 అంగుళాలు, అంటే 571.5 మిల్లీమీటర్లు. ల్యాప్ స్టీల్, అంటే ఒళ్లో పెట్టుకునే స్టీల్ గిటార్, వాయించేవాళ్లకు ఇష్టమైన 'సి సిక్స్త్' శ్రుతిలో అన్నిటికంటే సన్నటి తీగ 330 హెర్ట్జ్ దగ్గర పలకాలి. దానికి 0.015 అంగుళం మందం తీగ వేస్తే బిగువు దాదాపు 13 కిలోలు. ఆరు తీగలకూ కలిపితే ఒక పెద్దమనిషి బరువంత అవుతుంది. ద్వారబంధాలు చేసే చోట మిగిలిన టేకు ముక్క, నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటే, ఇంత బరువును నిశ్చింతగా మోస్తుంది. పనస కూడా బాగుంటుంది. బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే.

ఇదే లెక్కలో దాగిన ఒక విచిత్రం చాలామందికి నమ్మబుద్ధి కాదు. తీగ తెగితే లావు తీగ వేయమని సలహా ఇస్తుంటారు. లావు తీగ ఎక్కువ బరువు మోస్తుందనేది నిజం. కానీ అదే శ్రుతి పలకాలంటే దానికి బిగువు కూడా అదే నిష్పత్తిలో పెంచాలి. మందం రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఏ శ్రుతి దగ్గర తీగ తెగుతుందనేది దాని పొడవు మీద, ఉక్కు నాణ్యత మీద ఆధారపడుతుంది తప్ప మందం మీద కాదు. గిటార్ తీగల ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 కిలోలు మోస్తుందనుకుంటే, 22.5 అంగుళాల తీగ 480, 490 హెర్ట్జ్ దగ్గర తెగాలి. మన 330 దగ్గర అది మోసేది అందులో సగం కంటే తక్కువే. కాబట్టి తీగ తరచూ తెగుతుంటే మందాన్ని కాదు, ఆను దగ్గర పదునుగా ఉన్న అంచును అనుమానించాలి.

ఆనుల కోసం ఇనుప ఎల్ యాంగిల్ ముక్కలు చాలు. ఆకురాయితో సన్నటి గాడులు చేసి తీగలను కూర్చోబెడతారు. తీగలు చెక్కకు సెంటీమీటరు ఎత్తున ఉన్నా ఇబ్బంది లేదు, ఉండాలి కూడా.

గీతలు గీయడం మాత్రం ఆసక్తిగా ఉంటుంది. ఒక్కో స్వరస్థానానికి మిగిలిన పొడవును 1.0595తో భాగించుకుంటూ పోవాలి. 571.5 మిల్లీమీటర్ల స్కేలు మీద మొదటి గీత 32.1 దగ్గర, అయిదోది 143.4, ఏడోది 190.1, పన్నెండోది సరిగ్గా సగంలో, 285.75 దగ్గర పడతాయి. ఏడో గీత పంచమం. అయితే తీగను మూడో వంతు దగ్గర వేలితో తేలిగ్గా తాకి మీటితే సహజమైన పంచమం మోగుతుంది, ఆ చోటు 190.5. గీతకూ దానికీ తేడా అర మిల్లీమీటరు లోపే. పెన్సిలు గీత మందం దాదాపు అంతే ఉంటుంది.

గాంధారం దగ్గరకు వచ్చేసరికి కథ మారుతుంది. రెండు పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని సెంటు అంటారు. కీబోర్డు పలికే అంతర గాంధారం సహజ గాంధారం కంటే 14 సెంట్లు ఎక్కువ. మధ్య షడ్జమాన్ని 261.6 హెర్ట్జ్‌కు పెట్టి షడ్జమం, గాంధారం తీగలను కలిపి మీటితే ఈ తేడా సెకనుకు పది సార్లు వణికే అలగా వినిపిస్తుంది. ఫ్రెట్‌ల గిటార్ ఈ వణుకును భరించక తప్పదు, ఎందుకంటే అక్కడ ఒకే తీగ ఒక కార్డ్‌లో (కలిపి మోగించే స్వరాల గుంపులో) గాంధారం, ఇంకో కార్డ్‌లో షడ్జమం అవుతుంది. స్టీల్ గిటార్‌లో కడ్డీ తీగలకు సరిగ్గా అడ్డంగా ఉన్నంతసేపు తీగలన్నీ ఒకే నిష్పత్తిలో కలిసి కదులుతాయి. కాబట్టి గాంధారం తీగను 14 సెంట్లు దించి శ్రుతి చేసుకుంటే ఆ కార్డ్ ఎక్కడ పట్టినా వణుకు లేకుండా పలుకుతుంది. ట్యూనర్ యాప్ చూసి ముల్లు మధ్యలో పెట్టుకునేవాళ్లకు ఈ సుఖం దక్కదు. ఈ పని చెవికే వదిలిపెట్టాలి.

ఫ్రెట్‌లు పోగొట్టుకున్న ఖచ్చితత్వాన్ని ఇక్కడ ఎడమచేయి తెచ్చిపెట్టాలి. కడ్డీ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే మొదటి గీత దగ్గర మూడు సెంట్లు తేడా వస్తుంది, పన్నెండో గీత దగ్గర ఆరు. పైకి వెళ్లేకొద్దీ తప్పు పెద్దదవుతుంది. గీతను ఏటవాలుగా చూసినా కన్ను మోసపోతుంది. వాయించేవాళ్లు కడ్డీని కొద్దిగా అటూ ఇటూ ఊపుతూ ఉండడానికి అందం ఒక్కటే కారణమని నేననుకోను.

కడ్డీకి బరువు కావాలి. తేలికైన పైపు ముక్క తీగతోపాటే కదిలిపోతుంది, శక్తి కడ్డీ దాటి వెనక భాగంలోకి కారిపోతుంది. నాదం త్వరగా ఆరిపోయి, వెనక నుంచి అక్కర్లేని చప్పుళ్లు వస్తాయి. లేత్ షాపులో 22 మిల్లీమీటర్ల మందం, 80 మిల్లీమీటర్ల పొడవు స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ కోయించి పాలిష్ చేయిస్తే 240 గ్రాములు తూగుతుంది. ఒక కొసను గుండ్రంగా చేయమని చెప్పడం మరిచిపోవద్దు. డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్లు స్పానర్ సెట్‌లోని పెద్ద సాకెట్‌తో మొదలుపెడతారు. వెనక చప్పుళ్లను ఎడమచేతి చివరి వేళ్లతో అణచాలి, ఎంత మంచి కడ్డీ అయినా అది తప్పదు.

పికప్ సూత్రం ఫారడేదే. అయస్కాంతం తీగను కొద్దిగా అయస్కాంతీకరిస్తుంది, ఆ తీగ కదిలితే పక్కనున్న చుట్టలో విద్యుత్తు పుడుతుంది. చుట్టకు వాడే రాగితీగ 0.06 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. ఆరేడు వేల చుట్లు చుట్టాలి. ఫ్యాన్ వైండింగ్ షాపుల్లో ఉండేది దీనికంటే బాగా లావు, దానితో అన్ని చుట్లు పట్టవు. చుట్టడం అయ్యాక కరిగిన మైనంలో ముంచకపోతే లోపలి తీగలు కదిలి, సౌండు పెంచగానే కూత పెడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ గుర్ర్‌మనే చప్పుడు కూడా చుట్టలోకి దూరుతుంది. ఎదురు దిశల్లో చుట్టిన చుట్టలు రెండు పెట్టడం దానికి మందు. ఇంకొకటి: వీణకు వాడే ఇత్తడి తీగలు ఇక్కడ పనికిరావు, వాటిని అయస్కాంతం పట్టించుకోదు.

అల్యూమినియం 'ఫ్రైయింగ్ పాన్' వేదిక మీది దీపాల వేడికి శ్రుతి తప్పేది. ఎందుకో మన లెక్కతోనే చూడవచ్చు. ఆ 22.5 అంగుళాల తీగ 13 కిలోల బిగువుకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు సాగి ఉంటుంది. అంతా 20 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం ఒళ్లు ఉక్కు తీగ కంటే 0.13 మిల్లీమీటరు ఎక్కువ వ్యాకోచిస్తుంది. అంత మాత్రానికే శ్రుతి 30 సెంట్లకు పైగా ఎక్కిపోతుంది. చెక్కలో ఇది తిరగబడుతుంది. పొడవువాటున చెక్క ఉక్కు కంటే తక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడికి శ్రుతి దిగుతుంది, అయితే అల్యూమినియంలో మారినంత కాదు.

ఇక్కడిదాకా వచ్చినవాళ్లకు తర్వాతి కోరిక పెడల్ స్టీల్. కాలితో పెడల్ నొక్కితే ఒక తీగ బిగువు మాత్రం పెరిగి స్వరం మారుతుంది, మిగతావి అలాగే ఉంటాయి. ఇంటి తయారీదార్లు ఒకరి నమూనా చిత్రాలు ఇంకొకరు అడిగి తీసుకునేది ఎక్కువగా ఇందుకే. 24 అంగుళాల స్కేలు మీద 247 హెర్ట్జ్ తీగను రెండు స్వరస్థానాలు పైకి లాగడానికి ఎంత సాగదీయాలో కడితే 0.6 మిల్లీమీటరు వస్తుంది. అంతే! అందులో 200 సెంట్లు ఇమిడి ఉన్నాయి, అంటే ఒక సెంటుకు మిల్లీమీటరులో వెయ్యింట మూడు వంతులు. పెడల్ నుంచి తీగ దాకా ఉండే కడ్డీలు, మడతబందులు, స్క్రూలు అన్నిటిలో కలిపి ఒక వెంట్రుక మందం లూజు మిగిలిందంటే ఇరవై సెంట్లు పోయినట్టే. వదిలిన ప్రతిసారీ తీగ అదే చోటికి తిరిగి రావాలి కూడా. ఫ్రెట్‌లతో పాటు పోయిందనుకున్న కష్టం చేరింది ఈ యంత్రంలోకే.

తెగే తీగ సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది. 'ఇ నైన్త్' శ్రుతిలో మూడో తీగ 415 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పెడల్ నొక్కితే 440కి ఎక్కుతుంది. 24 అంగుళాల పొడవు మీద అది చదరపు మిల్లీమీటరుకు 230 కిలోల ఒత్తిడి, ఉక్కు ఓపికకు అంచు. పెడల్ స్టీల్ వాయించేవాళ్ల దగ్గర ఆ తీగ విడిగా కట్టలు కట్టలు ఉండేది ఇందుకే. లావు తీగ వేసినా లాభం లేదని ముందే చూశాం. స్కేలును ఒక అంగుళం తగ్గిస్తే ఒత్తిడి ఎనిమిది శాతం తగ్గుతుంది. అది కుదరకపోతే, తీగ వంగే చోట ఉండే, 'వేలు' అని పిలిచే లోహపు ముక్క పైభాగాన్ని పెద్ద గుండ్రంగా అరగదీసి, గోరుకు ఏ గాడీ తగలనంత నున్నగా పాలిష్ చేయాలి. నెలలు గడిచేకొద్దీ తీగ అక్కడ మళ్లీ గాడి పెడుతుంది, అప్పుడు మళ్లీ విప్పి పాలిష్ చేయాల్సిందే.