లిథియం తూకంలో తరుగు

లిథియం-11 అంటే మూడు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లున్న లిథియం కేంద్రకం. దాని అర్ధాయువు దాదాపు 8.8 మిల్లీసెకన్లు. అంతలో సగం కేంద్రకాలు పోతాయి, ఇంకో 8.8లో మిగిలినవాటిలో సగం. రెప్ప వేసి తెరిచేసరికి రెండు వేలలో ఒకటి కూడా ఉండదు. త్రాసు తెచ్చేలోపే సరుకు మాయం! అయినా కెనడాలో, వాంకూవర్‌లోని ట్రయంఫ్ ప్రయోగశాల వాళ్లు దీన్ని తూచి, 2008లో లెక్క ప్రకటించారు. (ఫిజిక్స్ మాస్టారు వింటే బరువు కాదు, ద్రవ్యరాశి అంటారు. నిజమే, కానీ తూకమంటేనే నోటికి బాగుంటుంది.)

వాళ్ల పరికరం పేరు టైటాన్. అందులో తూచేది పెన్నింగ్ ట్రాప్, అంటే అయాన్‌ను (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువును) పట్టి ఉంచే ఉచ్చు. అయస్కాంత క్షేత్రం అయాన్‌ను గుండ్రంగా తిప్పుతుంది, విద్యుత్ క్షేత్రం పైకీ కిందికీ జారిపోకుండా ఆపుతుంది. ఇక గానుగెద్దులా తిరగడమే దాని పని. బరువు ఎక్కువైతే సెకనుకు చుట్లు తగ్గుతాయి. 3.7 టెస్లా అయస్కాంతంలో లిథియం-11 సెకనుకు దాదాపు 51 లక్షల 45 వేల చుట్లు కొడుతుంది. అంటే ఒక్క అర్ధాయువులోనే 45 వేలు.

వీటిని ఎవరూ ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. ట్రాప్‌లోకి రేడియో తరంగం పంపుతారు. దాని పౌనఃపున్యం అయాన్ చుట్లతో సరిగ్గా కలిస్తే అయాన్ శక్తి పుంజుకుంటుంది, బయటికి వదిలినప్పుడు డిటెక్టర్‌కు త్వరగా చేరుతుంది. పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, ప్రతిసారీ కొత్త అయాన్లతో, ప్రయాణ కాలం రాసుకుంటూ పోతే గ్రాఫ్‌లో ఒకచోట గుంట పడుతుంది. ఆ గుంట అడుగే జవాబు. తర్వాత, బరువు తెలిసిన స్థిరమైన అయాన్‌ను అదే ట్రాప్‌లో తిప్పి పోల్చుకుంటారు. అదే ఇక్కడ తూకపురాయి.

ఇంత అవస్థ ఎందుకంటే లిథియం-11 కట్టుబడే విచిత్రం. లిథియం-9 చుట్టూ రెండు న్యూట్రాన్లు దూరంగా తచ్చాడుతుంటాయి. ముక్కాలిపీటలాంటి పొత్తు: ఒక న్యూట్రాన్ పోతే మిగిలిన లిథియం-10 నిలవదు, మధ్యలోది పోతే న్యూట్రాన్లు రెండూ అంటిపెట్టుకుని ఉండవు. ఈ మూడింటినీ విడివిడిగా తూచి కూడితే వచ్చేదానికన్నా లిథియం-11 కాస్త తక్కువ తూగుతుంది. బరువూ శక్తీ ఒకదానికొకటి మారకం కాబట్టి, ఆ తరుగే వాటిని కట్టి ఉంచే శక్తి. మామూలు కేంద్రకంలో ఒక్క న్యూట్రాన్‌ను ఊడబెరకాలంటేనే 70, 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఇక్కడ రెండింటికీ కలిపి 3 లక్షల 69 వేలే, మొత్తం బరువులో దాదాపు 28 వేలో వంతు. పాత కొలతలు ఈ అంకె దగ్గరే ఒకదానికొకటి పొసగలేదు. టైటాన్ లెక్కలో అనిశ్చితి 650 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే.

లేజర్లతో ఈ కేంద్రకం సైజు కొలిచేవాళ్లకూ ఈ తూకమే కావాలి. ఐసోటోప్ మారితే, అంటే అదే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య మారితే, వర్ణరేఖ (పరమాణువు పీల్చుకునే కాంతి రంగు) కాస్త పక్కకు జరుగుతుంది. అందులో దాదాపు అంతా బరువు తేడా వల్లే. దాన్ని కచ్చితంగా తీసేశాక మిగిలే పిసరులోనే సైజు దొరుకుతుంది.