రిపోర్ట్ ఆఫీసులో ఇచ్చేశాం, ఇక స్కూలే చూసుకుంటుంది... చూసుకోదండీ

నేను స్పెషల్ ఎడ్యుకేటర్ని, అంటే చదవడం, రాయడంలో ఇబ్బందిపడే పిల్లలతో పనిచేస్తా. ఆ ఇబ్బంది ఎక్కడుందో పరీక్షించి రాసేదే అసెస్‌మెంట్ రిపోర్ట్. వారానికి ఒక్కసారైనా వినే మాట: "మేడం, అసెస్‌మెంట్ రిపోర్ట్ ఇచ్చి 3 నెలలైంది, స్కూల్లో ఏమీ మారలేదు." ఎవరి చేతికిచ్చారండీ అంటే, ఆఫీసులో ఇచ్చాం అంటారు. అదీ సంగతి.

అపోహ: రిపోర్ట్ ఇస్తే చాలు.

వాస్తవం: అది ఫైల్లోకి పోతుంది. రోజూ మీ బాబుకి లెక్కలు చెప్పే టీచర్‌కి అలాంటిదొకటి ఉందనే తెలీదు, తెలిసినా 14 పేజీల నిండా స్టాండర్డ్ స్కోర్లూ పర్సంటైల్సూ ఉంటే క్లాసు మధ్యలో ఆవిడ ఏం చేసుకోవాలి? తప్పు మాదీ ఉంది. మొదట్లో నేనూ అలాగే రాసేదాన్ని, చివర్లో 19 సూచనలు పెట్టి ఇరగదీశాననుకునేదాన్ని. ఒకరోజు ఓ తల్లి ఫోన్ చేసి ఏడ్చేసింది, బోర్డు మీది హోంవర్క్ సగమే రాసుకున్నాడని పిల్లాణ్ణి మళ్ళీ బయట నిలబెట్టారట. నా రిపోర్ట్‌లో 'వర్కింగ్ మెమరీ తక్కువ' అని ఉంది. అంటే, బోర్డు చూసి తల దించేలోపు వాడికి సగం వాక్యం జారిపోతుంది. ఆ ముక్క మాత్రం నేను రాయలేదు! ఆ రాత్రే ఒక్క పేజీ రాసిచ్చా. బోర్డు మీంచి ఎక్కించమనొద్దు, ప్రింట్ ఇవ్వండి. ఒక పని అయ్యాకే ఇంకోటి చెప్పండి. అందరి ముందు పైకి చదివించొద్దు. అంతే. అది నేరుగా క్లాస్ టీచర్ చేతిలో పెడితే, "ఇంతేనా, ముందే చెప్పొచ్చుగా" అన్నారట ఆవిడ.

అందుకే రిపోర్ట్ రాసినవాళ్ళనే ఆ పేజీ అడగండి, మొహమాటపడకండి. స్కూల్లో టీచర్లతో మీటింగ్ అయిన సాయంత్రమే ఎవరు ఏం చేస్తామన్నారో, ఎప్పట్నుంచో, మళ్ళీ ఎప్పుడు కలుద్దామన్నారో నాలుగు లైన్లు మెయిల్ పెట్టండి. "చూద్దాం లెండి" అన్న మాట టీచర్ మారితే గాల్లో కలిసిపోతుంది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్ అడిగితే దేబిరించినట్టా? కాదు. వికలాంగుల హక్కులపై 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 24వ ఆర్టికల్‌లోనే ఉంది, చదువులో అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చెయ్యాలని.

పిల్లాడి ఇబ్బంది స్కూల్లో చెబితే ముద్ర పడుతుందా? ఆ భయం నాకర్థమవుతుంది, రాత్రుళ్ళు నిద్ర పట్టదు. కానీ చెప్పకపోయినా ముద్ర పడుతూనే ఉంది, బద్ధకస్తుడని. ఊరంతా చాటక్కర్లేదు, పాఠం చెప్పేవాళ్ళ దగ్గర మాత్రం దాచకండి.

రంగు కళ్ళద్దాలతో డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, పోతుందా? ఈ ఫార్వర్డ్ పంపేవాళ్ళకో దండం. సమస్య కంట్లో లేదు, అక్షరాన్ని శబ్దంతో కలపడంలో ఉంది. 2009లోనే అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి ఆ అద్దాలకి ఆధారాల్లేవని చెప్పేశాయి. కొన్నవాళ్ళని ఏమీ అనను, అమ్మేవాళ్ళ మీదే నా మంట.

అన్నట్టు, ఆ ఒక్క పేజీని ఏడాదికోసారి తిరగరాయాలి. ఆ బాబుది ఇప్పుడు మూడోసారి రాస్తున్నా. ప్రింట్ వద్దట, బోర్డుని తనే ఫోటో తీసుకుంటాడట.