ఫోర్డ్ బండి ఉందా? వచ్చినకాడికి అమ్మేయకండి

"కంపెనీనే ఎత్తేశారంట కదండీ, ఇంక ఉంచుకోవడం దండగేనా?" ఆటోనగర్‌లో సర్వీస్ అడ్వైజర్ సీట్లో కూర్చున్నవాడికి ఫోర్డ్ బండి లోపలికి వచ్చిందంటే ఈ ప్రశ్న కూడా వచ్చినట్టే. ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ ప్రకటించిన 2021 సెప్టెంబర్ నుంచీ ఇదే పాట.

అపోహ: కంపెనీ పోయింది, స్పేర్లు దొరకవు, బండి తుక్కు.

వాస్తవం: ఫోర్డ్ ఆపింది ఇక్కడ కార్లు తయారుచేసి అమ్మడం. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయామని చెప్పి గుజరాత్‌లోని సనంద్, చెన్నై ప్లాంట్లలో కార్ల తయారీ మానేసింది. సర్వీస్, స్పేర్లు, వారంటీ కొనసాగుతాయని అదే ప్రకటనలో చెప్పింది. కానీ మొదటి ముక్క ఊరంతా తిరిగింది, రెండోది ఎవరూ చదవలేదు. అసలు బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్లు ఏ కార్ల కంపెనీ అయినా తనే చేసుకుంటుందా? వాటిని చేసే వెండర్లు వేరే, వాళ్లెక్కడికీ పోలేదు. ఏ మోడల్ ఆగిపోయినా యాక్సిడెంట్ తర్వాత బంపర్, హెడ్‌లైట్ లాంటి బాడీ పార్ట్స్‌కి ఎదురుచూడాల్సి రావచ్చు. అది ఒప్పుకుంటాను. రీసేల్ రేటు పడిన మాటా నిజమే. కానీ ఆ నష్టం అమ్మినవాడికే.

గుడివాడ వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు డీజిల్ ఫోర్డ్ ఎకోస్పోర్ట్ తెచ్చారు. బ్రోకర్ ఒకడు భయపెట్టి సగం రేటుకి బేరం పెట్టాడట, పాపం ఆయనకి నిద్ర లేదు. బండిని లిఫ్ట్ ఎక్కించి, ఆయన్ని కింద నిలబెట్టి చూపించా. తుప్పు లేదు, ఆయిల్ లీక్ లేదు, ముందు ప్యాడ్లు మార్చాలి, అంతే. "తుక్కయితే వాడెందుకు కొంటున్నాడు మాస్టారూ?" అన్నా. ఆయన నవ్వేసి, "ప్యాడ్లు మార్చెయ్ బాబూ" అన్నారు. అదే బండిని ఆ బ్రోకర్ ఇంకొకరికి "ఫోర్డ్ బిల్డ్ క్వాలిటీ సార్" అని అమ్మేవాడు!

ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇదే భయం డబ్బు తింటుంది. తయారీ ఆగిన మోడళ్లకి, ఐదేళ్లు దాటిన బండ్లకి ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ లెక్కలో బండికి కట్టే విలువ, మీకూ ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య ఒప్పందంతో తేలుతుంది. ఏజెంట్ రాసిన అంకెకి తలూపకుండా అడగండి, బేరమాడండి.

అపోహ: ఫోర్డ్‌ని టాటా కొన్నది కాబట్టి టాటా షోరూంలో సర్వీస్ చేస్తారు.

వాస్తవం: టాటా 725.7 కోట్ల రూపాయలకి తీసుకున్నది సనంద్ ఫ్యాక్టరీని. మీ ఫోర్డ్ ఫిగో బాధ్యతని కాదు.

అపోహ: ఫోర్డ్ పని ప్రపంచమంతటా అయిపోయింది.

వాస్తవం: అమెరికాలో ఎఫ్-సిరీస్ ట్రక్కుల అమ్మకాలు చూసి మాట్లాడండి. వ్యాన్లు, ట్రక్కులు కంపెనీలకి అమ్మే ఫోర్డ్ ప్రో విభాగం 2024లో వడ్డీ, పన్నులకు ముందు దాదాపు 900 కోట్ల డాలర్లు సంపాదించింది. నష్టాలు ఎలక్ట్రిక్ విభాగంలో. ఇక్కడ మనం కొన్న చిన్న కార్లలో ఆ ట్రక్కుల లాభం లేదు, అదీ అసలు కథ.

అపోహ: ఫోర్డ్ తిరిగొస్తోంది, దాని పెద్ద ఎస్‌యూవీ ఎండీవర్ కొత్తది ఖాయం.

వాస్తవం: 2025 అక్టోబర్‌లో తమిళనాడుతో కుదిరిన 3,250 కోట్ల రూపాయల ఒప్పందం చెన్నై ప్లాంట్‌లో ఇంజిన్ల తయారీకి, అదీ 2029 నుంచి. ఎండీవర్ బుకింగ్ అంటూ ఎవరైనా అడ్వాన్స్ అడిగితే ఒక్క రూపాయి ఇవ్వకండి.